కమండలంలో తిమింగలం

అమెరికా యాత్రల గురించి మనవాళ్ళు రాసే రచనల్లో ఒక వరస ఉంటుంది. నయాగరా జలపాతం, న్యూయార్కులో స్వేచ్ఛామూర్తి, ఫ్లోరిడాలో డిస్నీ, ఆ వెంటనే తప్పనిసరిగా తిమింగలాల ఆట. పిల్లలు కేరింతలు కొట్టారనీ, పెద్దలు కూడా పిల్లలైపోయారనీ చెప్పి ఆ అధ్యాయం ముగిస్తారు. ఇన్నేళ్ళుగా చదువుతూనే ఉన్నాను. ఆ ముగింపుతో నాకు పేచీ ఉంది. ఆ పేచీ ఏమిటో ఈ టపాలో చెబుతాను. కోపం వచ్చేవారు చివరిదాకా చదివి ఆ తరవాత కోప్పడవలసిందిగా మనవి.

ఒక వేసవి సెలవుల్లో మా చెల్లెలి కుటుంబంతో కలిసి నేనూ అలాంటి ఒక ఉద్యానవనానికి వెళ్ళాను. పేరు అనవసరం. పులిహోర డబ్బాలు కారులోనే వదిలి, ఎండలో వరసలో నిలబడి లోపలికి చేరాం. ముందు వరసల్లో కూర్చుంటే నీళ్ళు మీద పడతాయని రాసి ఉంది. అది చూసి పిల్లలు అక్కడే కూర్చుంటామని పట్టుబట్టారు. చెవులు చిల్లులు పడేలా సంగీతం. శిక్షకురాలు చెయ్యి ఊపగానే డాల్ఫిన్లు గాల్లోకి లేచి, పల్టీ కొట్టి, నీళ్ళలో పడ్డాయి. ప్రతి విన్యాసం తరవాతా ఒక ఈల, ఈల తరవాత బకెట్లోంచి ఒక చేప. ఈల అంటే 'చెప్పినట్టు చేశావు' అని. చేప అంటే కూలి. ఆ తతంగమంతా ఈ రెండింటి మీదే నడుస్తుంది.

"చూశారా బావగారూ, ఎంత ఆనందంగా నవ్వుతోందో!" అన్నారు పక్కనున్న మా బావగారు.

అది నవ్వు కాదు. డాల్ఫిన్ దవడ నిర్మాణమే అంత. జబ్బు చేసినా, ప్రాణం పోయినా ఆ మొహం అలాగే ఉంటుంది. మనకు కావలసిన భావాన్ని దాని మొహానికి అతికించుకుని, దానికే మనం చప్పట్లు కొడుతున్నాం.

ఇక ఓర్కా సంగతి. కిల్లర్ వేల్ అంటారు గానీ ఇది డాల్ఫిన్ల కుటుంబంలోనే అన్నిటికన్నా పెద్దది. సముద్రంలో రోజుకు వంద కిలోమీటర్లకు పైగా ఈదగలదు. శబ్దం పంపి, దాని ప్రతిధ్వనిని బట్టి దారినీ ఆహారాన్నీ పోల్చుకుంటుంది. అమెరికా, కెనడాల పసిఫిక్ తీరాన ఉండే ఓర్కాలైతే అచ్చంగా ఉమ్మడి కుటుంబీకులు. కొడుకులూ కూతుళ్ళూ జీవితాంతం తల్లి వెంటే ఉంటారు. ఈనడం మానేసిన ముసలి అమ్మమ్మలు ముందుండి దారి చూపుతారు. 2018లో అక్కడ తాలెక్వా అనే తల్లి, పుట్టిన కాసేపటికే చనిపోయిన బిడ్డను నీళ్ళపైన మోసుకుంటూ 17 రోజులు తిరిగింది. ఇలాంటి ప్రాణిని కాంక్రీటు గోడల మధ్య పెట్టి, గంట కొట్టినప్పుడల్లా ఎగరమనడాన్ని వినోదమని ఏ నోటితో అనాలి? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత ఇక్కడ ఎలుక బదులు తిమింగలానికి వర్తిస్తుంది, అంతే తేడా.

మనకు ఈ సంగతి ఎవరో పాశ్చాత్యులు వచ్చి చెప్పనక్కరలేదు. భాగవతం అష్టమ స్కంధంలో మత్స్యావతార కథ ఉంది. సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణం విడుస్తుండగా ఒక చేపపిల్ల ఆయన దోసిట్లో పడుతుంది. దయతలచి కమండలంలో వేస్తాడు. తెల్లారేసరికి ఆ కమండలం దానికి చాలదు. కుండలో వేస్తే కుండ చాలదు, కొలనులో వేస్తే కొలను చాలదు. చాలటం లేదని అది చెబుతూనే ఉంటుంది, రాజు వింటూనే ఉంటాడు. చివరికి సముద్రానికి చేరుస్తాడు. రక్షించటం కోసం తెచ్చినవాడు కూడా చోటు చాలదంటే వదిలిపెట్టాలన్నది ఆ కథలో నాకు కనబడే నీతి. ఆడించటం కోసం తెచ్చినవాడి మాట వేరే చెప్పాలా?

ఆ రాజు విన్నాడు, వీళ్ళు వినలేదు. టిలికుం అనే మగ ఓర్కాను 1983లో ఐస్‌లాండ్ దగ్గర పట్టారు. అప్పటికి దాని వయసు సుమారు రెండేళ్ళు. కెనడాలోని సీలాండ్ అనే చిన్న పార్కులో ఉండగా, 1991లో నీళ్ళలోకి జారిపడిన శిక్షకురాలొకరు అక్కడి ఓర్కాల వల్ల మరణించింది. మరుసటి ఏడాది దాన్ని ఓర్లాండోలోని సీవరల్డ్‌కు తరలించారు. 1999లో రాత్రివేళ తొట్టెలో దిగిన ఒక వ్యక్తి శవమై కనిపించాడు. 2010 ఫిబ్రవరిలో ఎన్నో ఏళ్ళ అనుభవమున్న శిక్షకురాలు దాని వల్లే చనిపోయింది. 2013లో వచ్చిన బ్లాక్‌ఫిష్ అనే డాక్యుమెంటరీ ఈ కథనంతా లోకానికి చెప్పింది. 2016 మార్చిలో సీవరల్డ్ తన ఓర్కాలకు ఇక పిల్లలను పుట్టించబోమని ప్రకటించింది. 2017 జనవరిలో టిలికుం చనిపోయింది. స్వేచ్ఛగా ఉన్న ఓర్కాలు మనుషులను చంపిన ఉదంతం నమోదైంది ఒక్కటీ లేదు. మరి ఆ మూడు చావులకూ మూలం జంతువు స్వభావంలో ఉందా, తొట్టెలో ఉందా?

ఇక ప్రతివాదాలు.

ఒకటి: పిల్లలకు విజ్ఞానం వస్తుంది. ఏ విజ్ఞానం? తిమింగలం సహజంగా ఏం చేస్తుందో ఆ ఆటలో కనిపించదు, ఈలకు ఏం చేస్తుందో కనిపిస్తుంది. రైలుబండిలో బిచ్చమెత్తే పిల్లవాణ్ణి చూసి బాల్యమంటే ఏమిటో నేర్చుకున్నట్టు!

రెండు: ఈ పార్కులు గాయపడిన జంతువులను కాపాడతాయి. నిజమే, ఒప్పుకుంటాను. పడవల దెబ్బలు తిన్న మానటీలకు అక్కడ మంచి వైద్యం జరుగుతుంది. కానీ ఆసుపత్రి నడపటానికి పక్కన సర్కస్ ఎందుకు?

మూడు: తొట్టెలో పుట్టినవి సముద్రంలో బతకలేవు. ఇది బలమైన వాదం. సినిమాలో నటించి పేరు తెచ్చుకున్న కీకో అనే ఓర్కాను 2002లో సముద్రంలోకి వదిలితే, మరుసటి ఏడాదే నార్వేలో మరణించింది. అందువల్ల అన్నిటినీ రేపే వదిలేయమని నేననను. కొత్తవాటిని పట్టవద్దు, పుట్టించవద్దు, ఉన్నవాటిచేత గంతులు వేయించవద్దు అంటున్నాను.

నాలుగు: చేపల పులుసు తినేవాడివి నువ్వా చెప్పేది? అవును, నేనే. ఆకలి వేరు, చప్పట్లు వేరు. ఆ రెండింటి మధ్య తేడా లేదనేవారితో నాకు వాదన లేదు.

మన దేశంలో ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలచేత ప్రదర్శనలు చేయించరాదని 1998లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మంచిదే. కానీ చూడండి, ముక్కుకు తాడు వేసి ఎలుగుబంటిని ఆడించి పొట్టపోసుకునే పేదవాణ్ణి అనాగరికుడన్నాం. అదే పని సంగీతం, దీపాలు, వాతానుకూల దుకాణాల మధ్య జరిగితే డాలర్లు పోసి టిక్కెట్టు కొంటున్నాం. పేదవాడి క్రూరత్వం నేరమూ, ధనవంతుడి క్రూరత్వం విహారమూనా?

2013లో మన కేంద్ర పర్యావరణ శాఖ డాల్ఫిన్ల ప్రదర్శనశాలలకు అనుమతి ఇవ్వవద్దని రాష్ట్రాలకు తెలియజేసింది. కెనడా 2019లో చట్టం చేసింది, ఫ్రాన్స్ 2021లో చేసింది. ఈ ఒక్క విషయంలో మనం వాళ్ళకన్నా ముందున్నాం. రేపు పర్యాటకాభివృద్ధి పేరుతో విశాఖ తీరంలోనో మరోచోటో ఎవరైనా ఇలాంటిది ప్రతిపాదిస్తే, అభ్యంతరం చెప్పే నోళ్ళు కావాలి. ఫ్లోరిడాలో చప్పట్లు కొట్టివచ్చిన చేతులు ఇక్కడ అడ్డంగా లేవటం కష్టం.

పిల్లలకు సముద్రజీవిని చూపించాలంటే మనకు దారులు లేకపోలేదు. చలికాలం చివర మన తీరానికే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వచ్చి గుడ్లు పెడతాయి. కాకినాడ దగ్గర హోప్ ఐలండ్ వాటికి పేరుపడ్డ చోటు. అటవీశాఖవారు పిల్లలను సముద్రంలోకి వదిలేటప్పుడు దూరంగా నిలబడి చూడండి. బొటనవేలంత ప్రాణి, ఎవరూ ఈల వేయకుండానే, కెరటం వైపు నడిచిపోతుంది. అది మీవైపు తిరిగి కూడా చూడదు. ఆ చూడకపోవటమే పిల్లలకు మనం చూపించవలసింది.

ఈసారి సెలవులకు ఎటు వెళ్ళాలో ఇంకా నిర్ణయించుకోని మిత్రులు ఈ మాట ఇంట్లో ఒకసారి చర్చకు పెట్టండి. విభేదించేవారికి వ్యాఖ్యల పెట్టె తెరిచే ఉంది.