నదినీళ్లు వద్దు, బావి ఉప్పునీళ్లతోనే లెక్క కట్టండి

ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల తెలుగువారికి, కావేరి దిగువ రైతులకు, గోదావరి జిల్లాల మన బంధువులకు విన్నపం.

మన ధర్మపురి కింద ఉన్నది గట్టి రాయి. ఎంత తవ్వినా చమురు పడదు. మరి ఈ చమురు గొడవ మనకెందుకు? నీళ్ల కోసం. బోరునీళ్లలోని ఫ్లోరైడ్‌తో పిల్లల పళ్లు గారపట్టిన ఊళ్లు మనవి. 2013లో హొగెనక్కల్ తాగునీటి పథకం మొదలయ్యాక కదా కావేరి నీళ్లు మన కొళాయిల్లోకి వచ్చింది! అదే కావేరి డెల్టాలో నరిమణం, కమలాపురం చమురు క్షేత్రాలున్నాయి. 2020 నాటి తమిళనాడు రక్షిత వ్యవసాయ మండల చట్టం అక్కడ కొత్త బావులు వద్దంది, అప్పటికే నడుస్తున్నవాటిని ఆపలేదు. కొత్తవి తవ్వే వీలు లేనప్పుడు పాతవాటినే ఇంకా పిండుకుందామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. కేంద్రం 2018లో తెచ్చిన అదనపు చమురు వెలికితీత విధానం దానికి ప్రోత్సాహకాలు కూడా ఇస్తోంది.

అలా పాత బావుల్లోంచి రసాయనాలతో చమురు తీయడానికి మేం అడ్డు కాదు. దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా బయటినుంచే కొంటున్నాం. నీళ్లు ఎక్కించి తోసినా సగానికి పైగా చమురు రాతి సందుల్లోనే ఉండిపోవడం మామూలే. అక్కడికి సర్ఫాక్టెంట్, అంటే సబ్బు జాతి రసాయనం, పంపితే చమురుకూ నీటికీ మధ్య తన్యత వేలరెట్లు పడిపోయి చిక్కుకున్న బొట్టు కదులుతుంది. గుజరాత్‌లోని విరాజ్ క్షేత్రంలో ఓఎన్‌జీసీ 2002లోనే క్షారం, సర్ఫాక్టెంట్, పాలిమర్ కలిపి ప్రయోగం చేసింది.

చిక్కంతా ఉప్పుతోనే. ల్యాబ్‌లో సన్నని గాజుగొట్టాలు వరసగా పెట్టి, ఒక్కో దాంట్లో ఉప్పు కొంచెం పెంచుతూ చమురు, నీళ్లు, సర్ఫాక్టెంట్ పోసి మూతి కరిగించి మూసేస్తారు. భూగర్భంలో ఉన్నంత వేడిలో రోజుల తరబడి ఉంచుతారు. ఉప్పు తక్కువైన గొట్టంలో సర్ఫాక్టెంట్ కింది నీళ్లలోనే ఉండి కాస్త చమురును కలుపుకుంటుంది. ఉప్పు ఎక్కువైతే పైకెక్కి చమురులో ఇరుక్కుంటుంది, అక్కడితో దాని పని అయిపోయినట్టే. ఈ రెంటికీ నడుమ ఏదో ఒకచోట మధ్యలో మూడో పొర తేలుతుంది. విన్సర్ అనే శాస్త్రవేత్త 1948లో వర్గీకరించిన మూడో రకం మైక్రోఎమల్షన్ అదే. తన్యత అట్టడుగుకు చేరేది అక్కడే. ఆ పొర ఎంత చమురును, ఎంత నీటిని ఇముడ్చుకుందో కొలిచి తన్యతను అంచనా వేసే సూత్రాన్ని చున్ హు 1979లో ఇచ్చాడు.

ఇంజనీర్లకు సులువైన దారి మంచినీళ్లు తెచ్చుకోవడం. కాల్షియం, మెగ్నీషియం ఉంటే క్షారం విరిగి అడుగున పేరుకుంటుంది, చాలా సర్ఫాక్టెంట్లూ పాడవుతాయి. నదినీళ్లయితే ఆ బెడద తక్కువ. మేం వద్దంటున్నది సరిగ్గా దాన్నే. రాజస్థాన్ ఎడారిలోని మంగళ క్షేత్రానికి తుంబ్లి అనే చోటి ఉప్పు భూగర్భజలం వాడుతున్నారు. నదిలేని చోట సాధ్యమైంది నది ఉన్నచోట ఎందుకు కాదు? చమురుతోపాటు బావిలోంచి వచ్చే ఉప్పునీళ్లకే సరిపడే సర్ఫాక్టెంట్‌ను ఎంచుకోవచ్చు. దానికి ఖర్చు పెరగొచ్చు, పెరగనివ్వండి.

ఆ ఎంపికకే థర్మోడైనమిక్ మోడల్ కావాలి. ఉప్పు, వేడి, చమురు స్వభావం, సర్ఫాక్టెంట్ స్వభావం ఒకే సమీకరణంలో పెట్టి మూడో పొర ఎక్కడ పుడుతుందో చెప్పే పద్ధతులు 1970ల చివరినుంచీ ఉన్నాయి. అయితే గొట్టాల్లో వచ్చిన అంకెలకు గీత కలిపేసి మోడల్ అంటే చాలదు. భూమిలోపలి చమురులో గ్యాస్ కరిగి ఉంటుంది, ఒత్తిడి ఉంటుంది. ల్యాబ్ సీసాలోని చమురులో అవి ఉండవు. ఆ తేడాను లెక్కలోకి తీసుకోని మోడల్ బావిలో తప్పుతుంది, ఖరీదైన రసాయనం రాతిలోనే మిగిలిపోతుంది.

కాబట్టి అనుమతికి ముందు కంపెనీలు సగం గొట్టాల ఫలితాలతో మోడల్ కట్టాలి, మిగతా సగంలో ఏం వస్తుందో ఆ మోడల్‌తో అంచనా వేసి ముందే రాసిచ్చి, తర్వాతే వాటి ఫలితాలు తెరవాలి. తప్పిన అంకెలతో సహా అన్నీ జనం ముందు పెట్టాలి. రసాయనం ఏదో, తిరిగొచ్చిన నీళ్లను ఎక్కడ పోస్తారో తమిళంలో, తెలుగులో చెప్పాలి. ఆ గొట్టాల పని కాకినాడ జేఎన్‌టీయూలో, విశాఖ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్‌లో చదివే మన పిల్లలతోనే చేయించవచ్చు. రాళ్లూ చమురూ ఇక్కడివే అయినప్పుడు లెక్క బయటివాళ్లే కట్టాలా?

అన్నలారా, అక్కలారా! మీ గ్రామసభకు చమురు కాగితం ఏది వచ్చినా ముందు ఒక్కటే అడగండి: ఏ నీళ్లు వాడతారు, ఆ నీళ్లతో చేసిన గొట్టాల ఫలితాలేవి? అవి చూపేదాకా తీర్మానం మీద సంతకం పెట్టకండి.