తేలికైపోయిందా డంబెల్!

అపార్ట్‌మెంట్ జిమ్‌లో అన్నిటికంటే పెద్ద డంబెల్ 10 కిలోలే. మొదట్లో చెమటలు పట్టించిందే ఇప్పుడు 20 సార్లు ఇట్టే లేస్తోంది. ఇక లాభంలేదని మానేస్తే కష్టపడి తెచ్చుకున్న కండ కొన్ని వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది.

బరువు మార్చలేనప్పుడు వేగం మార్చండి. ఎత్తేటప్పుడు మామూలుగానే ఎత్తి, దించేటప్పుడు మాత్రం నెమ్మదిగా నాలుగు అంకెలు లెక్కపెట్టండి. కింద ఒక్క సెకను ఆగి మళ్లీ ఎత్తండి. 20 సార్లు లేపిన చేతులు 12కే మొరాయించొచ్చు. (ఊపు ఇచ్చి లేపినవి లెక్కలోకి రావు!)

కాళ్లకైతే చెరో చేత్తో డంబెల్ పట్టుకుని, ఒక పాదాన్ని వెనక బల్లమీద ఉంచి, ముందుకాలితోనే గుంజీళ్లు తీయాలి. ఒంటి బరువులో ఎక్కువభాగం దానిమీదే పడుతుంది మరి. మోకాళ్లనొప్పులుంటే డాక్టర్‌ని అడిగాకే.

ఇంకో రెండుసార్లకు మించి లేపలేమన్నంతవరకూ చేస్తే తేలికబరువుతోనూ కండ పెరుగుతుంది. గరిష్ఠ బలం కావాలంటే మాత్రం ఎప్పటికైనా పెద్ద బరువులున్న జిమ్ వెతుక్కోవాల్సిందే.