పాట కూడా చదువే!

 

మొన్న రాత్రి స్టడీ అవర్ అయ్యాక పెద్దయ్యాక ఏమవుతామో చెప్పుకున్నాం. చాలామంది డాక్టరు అన్నారు. నేనూ డాక్టరే, కానీ సంగీతంలో అన్నాను. అందరూ ఫక్కున నవ్వారు. "డోలు కొట్టి జ్వరం తగ్గిస్తావా?" అన్నాడొకడు. నాకూ నవ్వొచ్చింది గాని నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

సంగీతంలోనూ పీహెచ్‌డీ ఉంది. అమెరికాలో ఐలీన్ సదర్న్ అనే నల్లజాతి ఆమె గురించి కంప్యూటర్ ల్యాబులో చదివాను. 1941లో ఎం.ఎ. చేశారు. డాక్టరేట్ చేతికొచ్చింది 1961లో! ఆ మధ్య ఇరవై ఏళ్లలో కాలేజీల్లో పాఠాలు చెప్పారు, సంసారం చూసుకున్నారు, అయినా చదువు వదల్లేదు. 1971లో తన జనం సంగీతానికి చరిత్ర పుస్తకం రాశారు. తర్వాత హార్వర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. ఆమె చదువు మధ్యలో మానేసి ఉంటే ఆ పుస్తకాన్ని అంత గౌరవంగా ఎవరు చూసేవారు?

ఇక మన సంగతి. సకిని రామచంద్రయ్య గారు కోయ వీరుల కథలు పుస్తకం చూడకుండా పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. అలాంటి పెద్దలు పోతే, రాసి పెట్టని పాట కూడా వాళ్లతోనే పోతుంది కదా!

మా తాత కూడా డోలు వాయిస్తాడు. నేను ఐదో తరగతి నుండి హాస్టల్లోనే ఉన్నాను. ఇప్పుడు తాత పాడితే సగం నాకు అర్థం కాదు. ఈ మాట రాయటానికి సిగ్గుగా ఉంది.

పాట కూడు పెడుతుందా అంటారు. పీహెచ్‌డీ చేసే ఎస్టీ విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తుంది. వరంగల్లులో జానపద గిరిజన విజ్ఞాన పీఠమే ఉంది. దారి కష్టమే. ఇంటర్, డిగ్రీ, పీజీ, ఆపైన ఇంకా ఏళ్లు పడుతుంది. ఇంటి దగ్గర ఇబ్బందులు వస్తాయి. మనలో చేరేవాళ్లు ఎందరున్నా, పూర్తి చేసేవాళ్లు కావాలి. మన పాట గురించి వేరేవాళ్లు రాస్తే సంతోషమే. కానీ తాత పాడుతూ ఎక్కడ ఎందుకు ఆగాడో మనవడికే కదా తెలిసేది!

వార్డెన్ సారుకు ఒక మనవి. ఆదివారం సాయంత్రం ఒక గంట మా ఊరి పాటలకు ఇవ్వండి. మిత్రులారా, సెలవులకు వెళ్లినప్పుడు ఒక నోట్‌బుక్ తీసుకుపోండి. పాట ఎవరు పాడారు, ఏ పండుగకు పాడారు అన్నీ రాసుకు రండి.

ఆ రోజు నవ్విన స్నేహితుడు నిన్న వాళ్ల అవ్వ పాడే నాట్ల పాట చెప్పాడు, రాసుకున్నాను. రెండు చరణాలు మాత్రం వాడికీ గుర్తు రాలేదు. ఈ సెలవుల్లో అవ్వను అడిగి వస్తానన్నాడు.

ఇట్లు,
మీ మిత్రుడు,
10వ తరగతి