తోటపని: తీగయా, తరువా?

రెడ్డియార్‌పాళయంలో క్రొత్తగా ఇల్లు కట్టుకొన్న సోదరి ఒకరు, వాకిట మిగిలిన ఆరడుగుల చోటులో పూలతీగ నాటవలెనా, పూలచెట్టా అని అడిగినారు. అందమును గూర్చిన ప్రశ్నయే గాని, ఆ ఊరిలో దీనికి గాలి కూడ సమాధానము చెప్పవలసి యున్నది. 2011 డిసెంబరు 30న ‘థానే’ తుపాను పుదుచ్చేరి, కడలూరుల నడుమ తీరము దాటినప్పుడు వేలాది చెట్లు కూలినవి. మడగాస్కరు నుండి వచ్చిన తురాయి వేసవిలో కన్నులపండువే. కాని వేళ్లు లోతుకు పోక ప్రక్కలకు ప్రాకును, కొమ్మలు పెళుసు. పుదుచ్చేరి అధికార పుష్పమైన నాగలింగమునకు కోవెల ప్రాంగణమే తగును.

కనుక నా మాట తీగకే. కాగితపుపూలకు మంచి ఎండ చాలును. నీరు తగ్గించిన కొలది పూత హెచ్చును. (ఫ్రెంచి నావికుడు బూగెన్‌విల్ పేరు మోయు తీగ, పుదుచ్చేరికి పరాయిది కాదు!) దానికి ముళ్లున్నవి. పిల్లలు తిరుగు గుమ్మమునకు రాధామనోహరమే మేలు: సాయంకాలము తెల్లగా విచ్చి, పిదప గులాబియై, ఎరుపెక్కును. తుపాను హెచ్చరిక వినగానే తీగను ఒక పూటలో కత్తిరించవచ్చును, మరల చిగిర్చును.

చెట్టే కావలెనన్నచో పారిజాతము నాటండి, గోడకు దూరముగా. పందిరికి ఇనుపగొట్టములు వాడినచో ఉప్పుగాలికి తుప్పుపట్టకుండ ఏటేట రంగు వేయించవలెను.