పదును రాయిలో లేదు

పోయిన నెల ఇంటికెళ్తే అమ్మ బొటనవేలికి కట్టు. గుమ్మడికాయ తరుగుతుంటే కత్తి జారిందట. "అంత పదునుగా ఉందా?" అన్నా. "పదునే ఉంటే జారేదెందుకురా? మొద్దుబారిపోయింది, గట్టిగా నొక్కాల్సొచ్చింది" అంది. నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే రెండు వారాల ముందే ఆ కత్తికి సాన పట్టింది నేనే! పైగా న్యూస్ పేపర్ని సర్రున కోసి చూపించి గొప్పలు కూడా పోయాను.

తప్పెక్కడ జరిగిందో తర్వాత అర్థమైంది. రాయి మీద ఒక వైపే నూరుతూ పోతే, అంచు దగ్గర లోహం సన్నటి పొరలా రెండో వైపుకి మడత పడుతుంది. దీన్నే బర్ అంటారు. కంటికి సరిగా కనబడదు. వేలిని కత్తి వెన్ను నుంచి అంచు వైపుకి మెల్లగా జరిపితే (అంచు వెంబడి మాత్రం కాదు!) గరుకుగా తగులుతుంది. నేను దాన్ని తీయకుండా వదిలేశాను. ఆ రోజు పేపర్ని కోసింది ఆ పొరే. నాలుగు రోజులు కూరలు తరిగేసరికి అది కాస్తా వంగిపోయింది. మన భాషలో చెప్పాలంటే టెస్ట్ కేస్ పాసైంది, కానీ తప్పుడు కారణానికి :)

సానరాయి అనగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఏ బ్రాండు, ఎంత గ్రిట్?" అని. నేనూ అంతే. నా మటుకు నాకు ఇప్పుడనిపించేది.. వంటింటి కత్తికి 1000 గ్రిట్ రాయి ఒక్కటి చాలు. కావలసింది రెండే: కోణం మారకుండా ఉండటం, బర్ వచ్చేదాకా ఆగటం.

కోణానికి లెక్క సులువు. కత్తి వెడల్పు 4 సెంటీమీటర్లయితే, వెన్ను రాయికి ఒక సెంటీమీటరు ఎత్తులో ఉంటే దాదాపు 15 డిగ్రీలు. అనుమానముంటే అంచుకి మార్కర్ పెన్నుతో రంగు పూసి నాలుగు సార్లు నూరి చూడండి. రంగు అంచు చివరిదాకా పోకపోతే వెన్ను మరీ ఎత్తారన్నమాట కాదు, మరీ దించారన్నమాట. రాయి మీద తేలే బురద నీళ్ళని కడిగేయకండి, సగం పని చేసేది అదే. పిడి దగ్గర్నుంచి కొసదాకా బర్ తగిలాకే కత్తి తిప్పాలి. "యాభై సార్లు నూరాను కదా" అన్న లెక్క పనికిరాదు. రెండో వైపూ అలాగే చేసి, చివర్లో బరువు బాగా తగ్గించి అటొకసారి ఇటొకసారి నూరుతూ బర్ పూర్తిగా పోయేదాకా చూడాలి. నేను ఎగ్గొట్టింది ఈ ఆఖరి అయిదు నిమిషాలే.

చిన్నప్పుడు మా వీధిలోకి సైకిలు చక్రంతో సాన పట్టే ఆయన వచ్చేవాడు. ప్రతిసారీ అంచు మీద వేలు అడ్డంగా ఆనించి చూసి, మళ్ళీ తొక్కేవాడు. పని తెలియక అనుమానపడుతున్నాడేమో అనుకునేవాణ్ణి. ఆయన దేనికోసం వెతికేవాడో ఇన్నేళ్ళకి తెలిసింది.

కత్తికి మళ్ళీ సాన పట్టి ఇచ్చాను. ఈసారి పేపరు కోయలేదు. బాగా పండిన టమాటా మీద నొక్కకుండా ఆనించి లాగాను, తోలు తెగింది. అమ్మ మాత్రం "రెండు వారాలు పోయాక చెప్తాలే" అంది. న్యాయమే మరి!