కాలి జబ్బుకు కొత్త మందులు: తెలిసి ఒప్పుకోవాలి

వేటపాలెం, చీరాల పరిసరాల్లో నలుగురు పెద్దవాళ్లు కూడిన చోట పిక్కల నొప్పి మాట రాక మానదు. బజారుకు బయలుదేరిన మనిషి నూరు గజాలు నడిచేసరికి పిక్క పట్టేస్తుంది. ఏ అరుగు మీదనో రెండు నిమిషాలు కూర్చుంటే నొప్పి పోతుంది. లేచి నడిస్తే మళ్లీ అంత దూరంలోనే పట్టుకుంటుంది. వాతమని కొందరు, వయసని కొందరు సరిపెట్టుకుంటారు. గుంట మగ్గంలో ఏళ్ల తరబడి కూర్చున్న ఫలితమని నేతపనివారు అనుకుంటారు. నూనె మర్దన, వేడినీళ్ల కాపడం జరుగుతూ ఉంటాయి.

నడిస్తే వచ్చి ఆగితే పోయే ఈ నొప్పి చాలామందిలో వాతం కాదు. గుండె నుంచి కాలికి మంచి నెత్తురు తీసుకుపోయే నాళం, అనగా ధమని, లోపల పూడుకుపోతున్నదనడానికి అది గుర్తు. కాలువలో పూడిక చేరితే ముందుగా ఎండేది చివరి భూములేనని కొమ్మమూరు కాలువ రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. కాలికీ అంతే. మొదట పిక్క, తరువాత పాదం, చివరికి వేళ్లు దెబ్బ తింటాయి. వేలి మీద లేచిన చిన్న పుండు నెలలు గడిచినా మానదు. రాత్రి పడుకుంటే పాదం మండుతుంది, మంచం మీద నుంచి కాలు కిందికి వేలాడేస్తే గాని కునుకు పట్టదు. వేలు నల్లబడ్డాక ఆసుపత్రికి పోతే అక్కడ వినపడే మాట కాలు తీసివేయడం గురించే. మగ్గం తొక్కేవాడికైనా మిరప చేలో కాయ కోసే మనిషికైనా కాలు పోతే కూలి పోయినట్టే.

ఈ జబ్బుకు పెద్ద కారణాలు రెండు. ఒకటి షుగరు, రెండవది పొగాకు. రెండవదాని గురించి ఈ ప్రాంతంలో మాట్లాడడం కొంచెం ఇబ్బందే. పొగాకు బోర్డు 1976లో గుంటూరులోనే వెలిసింది. ఈ జిల్లాల్లో ఎన్నో కుటుంబాలు ఆ పంట మీద, ఆ బారన్ల మీద బతికాయి, ఇంకా బతుకుతున్నాయి. అయినా చెప్పవలసినది చెప్పక తప్పదు. వయసు మళ్లకముందే, నలభై ఏళ్ల లోపు మగవాళ్లకు కూడా కాలి వేళ్లు కుళ్లే జబ్బు ఒకటి ఉంది. 1908లో న్యూయార్కులో లియో బర్జర్ అనే వైద్యుడు దానిని వివరంగా వర్ణించడంతో బర్జర్ జబ్బు అని పేరు వచ్చింది. చుట్ట, బీడీ, సిగరెట్టు తాగేవాళ్లకే ఇది వస్తుంది. పొగాకు పూర్తిగా మానినవారి కాలు చాలావరకు దక్కుతుంది. రోజుకు ఒకటి రెండు కాలుస్తున్నా జబ్బు ముదురుతూనే ఉంటుంది. దీనికి పాశ్చాత్య దేశాలలో కంటే మన దేశంలో ఎక్కువమంది బలి అవుతున్నారు.

ఇక మందుల సంగతి. పూడిన నాళాల పక్కన కొత్త నాళాలు మొలిపించాలని పరిశోధకులు ఎన్నో ఏళ్లుగా పాటుపడుతున్నారు. నాళాలను పెంచే జన్యువును సూదితో కాలి కండలోకి ఎక్కించే పద్ధతి ఒకటి వచ్చింది. 2008లో వెలువడిన ఒక చిన్న పరీక్షలో కాళ్లు తీసివేయవలసిన అవసరం తగ్గినట్టు కనపడింది. ఆశ పెరిగింది. అప్పుడు 30 దేశాల్లో 525 మంది మీద పెద్ద పరీక్ష జరిపారు. కొందరికి అసలు మందు, కొందరికి మందు లేని ఉత్తి సూది వేశారు. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలియదు, సూది వేసిన డాక్టరుకూ తెలియదు. 2011లో లెక్క తేలింది. కాలు పోవడంలోగాని, ప్రాణం పోవడంలోగాని రెండు జట్ల మధ్య తేడా లేదు. మందు పనికి రాలేదు.

ఉత్తి సూది వేయడం రోగిని మోసగించడం కాదా అని గ్రామాల్లో అడిగేవారున్నారు. ఆ ప్రశ్న సబబైనదే. రోగికి ముందుగా చెప్పకుండా వేస్తే అది మోసమే. చెప్పి, ఒప్పించి వేస్తే అది మోసం కాదు, తూకం సరిచూడడం. పుండు దానంతట అదే కొంత మానవచ్చు, రోగి భయపడి చుట్ట మానడం వల్ల కూడా మానవచ్చు. ఆ ఘనత మందుకు పోకుండా చూసేది ఈ రెండో జట్టే. 2008లో వచ్చిన ఆశ 2011లో నిలబడలేదని తెలిసింది ఈ పద్ధతి వల్లనే.

మూలకణాల వైద్యం విషయంలోనూ ఇదే పాఠం. రోగి ఎముక మూలగ నుంచి తీసిన కణాలను కాలి ధమనిలోకి ఎక్కించి నెదర్లాండ్సులో 160 మందిని పరీక్షించారు. 2015లో ఫలితం చెప్పారు. ఉత్తి మందు జట్టు కంటే కాళ్లు ఎక్కువ దక్కలేదు. మన దేశంలో బెంగుళూరు సంస్థ స్టెమ్ప్యూటిక్స్ వేరే దారి పట్టింది. ఆరోగ్యవంతుల మూలగ నుంచి కణాలు తీసి పెంచి, బర్జర్ రోగుల పిక్క కండలో ఎక్కించింది. 90 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. నొప్పి తగ్గిందని, పుండ్లు మానాయని అందులో రాశారు. 2020లో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆ మందుకు అనుమతి ఇచ్చారు. ఇది సంతోషించదగినదే. కాని ఆ 90 మందిలో మామూలు వైద్యం మాత్రమే పొందినవారు 18 మంది. ఎవరిని ఏ జట్టులో వేయాలో చీటీ తీసి నిర్ణయించలేదు, ఎవరికి ఏ వైద్యమో అందరికీ తెలుసు. కనుక దీనిని కాలు దక్కించే సంజీవని అనడం తొందరపాటు.

తొందరపడి అమ్మేవారు లేకపోలేదు. మూలకణాల పేరు చెప్పి షుగరుకు, మోకాళ్లకు, పక్షవాతానికి లక్షలు గుంజే చోట్లు నగరాల్లో ఉన్నాయి. నెత్తురుకు సంబంధించిన కొన్ని జబ్బులకు తప్ప, అనుమతి లేని మూలకణ వైద్యాన్ని పరీక్షలకు వెలుపల చేయరాదని భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పరీక్ష అని చెప్పి రోగి దగ్గరే డబ్బు అడిగితే అక్కడి నుంచి లేచి రావడం మంచిది.

ఈ హడావిడిలో అందరూ మరచిపోతున్నది ఖర్చు లేని వైద్యం. అది నడక. డెన్మార్కులో 1966లోనే 14 మంది రోగులను రెండు జట్లు చేసి చూశారు. రోజూ నడక సాధన చేసిన జట్టు నొప్పి లేకుండా నడిచే దూరం పెరిగింది. అమెరికాలో పొత్తికడుపు కింది భాగంలో పూడిక ఉన్న 111 మందికి ఒక జట్టుకు దగ్గరుండి నడిపించడం, ఒక జట్టుకు స్టెంటు వేయడం, ఒక జట్టుకు కేవలం మందులు ఇవ్వడం జరిగింది. ఆరు నెలలకు నడకయంత్రం మీద నడవగల సమయం మందుల జట్టుకు 1.2 నిమిషాలు, స్టెంటు జట్టుకు 3.7 నిమిషాలు, నడక జట్టుకు 5.8 నిమిషాలు పెరిగింది. 2011లో ఈ లెక్క ప్రకటించారు. స్టెంటు వేసుకున్నవారు రోజువారీ బతుకులో సుఖం ఎక్కువగా ఉందని చెప్పిన మాట కూడా నిజమే, దానిని దాచనక్కరలేదు.

పద్ధతి కష్టమైనది కాదు. పిక్క గట్టిగా నొప్పి పెట్టేవరకు నడవాలి, నొప్పి పోయేవరకు ఆగాలి, మళ్లీ నడవాలి. ఇలా అరగంట నుంచి ముప్పావు గంట, వారానికి కనీసం మూడు రోజులు, మూడు నెలలు. పాదం మీద పుండు ఉన్నవారు, పడుకున్నా నొప్పి వస్తున్నవారు మాత్రం డాక్టరును అడగకుండా దీనికి దిగకూడదు. వారికి జబ్బు ముదిరిందని అర్థం.

మందులూ వట్టివి కావు. సిలోస్టజోల్ మాత్రలు నడక దూరాన్ని కొంత పెంచుతాయి, గుండె బలహీనంగా ఉన్నవారు మాత్రం వాడరాదు. ఆస్పిరిన్‌తో పాటు నెత్తురు గడ్డ కట్టనివ్వని రివరోక్సబాన్ కొద్ది మోతాదులో ఇస్తే కాళ్లు తీసివేయడం తగ్గిందని, అయితే రక్తస్రావం పెరిగిందని 2017లో తేలింది. షుగరు ఉన్న కాలి రోగులు 792 మందిపై జరిపిన పరీక్షలో సెమగ్లూటైడ్ సూది వేసినవారు ఏడాది తరువాత, ఉత్తి సూది జట్టు కంటే సుమారు 13 శాతం ఎక్కువ దూరం నడవగలిగారని 2025లో ప్రకటించారు. దాని ధర కూలి మనిషికి అందేది కాదన్నది వేరే మాట.

ఇన్ని మందులు తేలాలంటే ఎవరో ఒకరు పరీక్షలకు ఒప్పుకోవాలి. ఆ ఎవరో మన గ్రామాల వారే కావచ్చు. ఇక్కడ పిడుగురాళ్ల ఉదంతం గుర్తు చేయవలసి ఉంది. అక్కడి పేద మహిళలను కొద్దిపాటి డబ్బు ఆశ చూపి హైదరాబాదు తీసుకుపోయి కేన్సరు మందు ప్రయోగంలో వాడారని, కొందరు అస్వస్థులయ్యారని 2011 జూన్‌లో బయటపడింది. కేంద్ర అధికారులు ఆ సంస్థ ప్రయోగాలను ఆపించారు. దేశంలో ఇటువంటి ఉదంతాల మీద గొడవ జరిగాకనే నిబంధనలు బిగిశాయి. 2019 నిబంధనల ప్రకారం రోగికి అర్థమయ్యే భాషలో వివరించి సంతకం తీసుకోవాలి. చదువు రానివారైతే తటస్థుడైన సాక్షి ఉండాలి. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. ఇష్టం లేకపోతే మధ్యలో మానుకోవచ్చు, అందువల్ల మామూలు వైద్యం ఆగకూడదు. సంతకం పెట్టిన కాగితం నకలు రోగి ఇంట్లో ఉండాలి.

అధికారులు చేయవలసినదీ ఉంది. చేతికి కట్టే రక్తపోటు పట్టీనే చీలమండ పైన కట్టి, అరచేతిలో పట్టే డాప్లర్ యంత్రంతో నాడి చప్పుడు వింటే జబ్బు తెలుస్తుంది. చేతి దగ్గర పోటు పది పాళ్లు ఉంటే చీలమండ దగ్గర తొమ్మిదికి తగ్గిందంటే అనుమానించాలి. షుగరు ముదిరినవారిలో నాళాలు గట్టిపడి ఈ లెక్క తప్పవచ్చు గనుక వేళ్లను కూడా చూడాలి. పావుగంట పని. వేటపాలెం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగరు మందులకు వచ్చే ప్రతి మనిషి చేతా చెప్పులు విప్పించి పాదాలు చూడాలి. డాప్లర్ పరీక్షకు చీరాల ఏరియా ఆసుపత్రిలో వారానికి ఒక రోజు కేటాయించాలి. నేతకారుల సంఘాలు అడిగితే ఆ రోజు ఏదో కూడా గోడ మీద రాయించవచ్చు.