రోల్డుగోల్డు పనికి శిక్షణే అసలు పెట్టుబడి

మచిలీపట్నం: చిలకలపూడి రోల్డుగోల్డు నగల పేరు నిలబెట్టేది పైపూత బంగారం ఒక్కటే కాదు, పనివాని చేతి నేర్పు కూడా. రేకు కత్తిరించడం, అచ్చు కొట్టడం, అతకడం, మెరుగు పెట్టడం, పూత వేయడం - ఇన్ని చేతులు మారితేగాని నగ తయారు కాదు. పూతకు ముందు చేతి జిడ్డు అంటితే పూత ఊడిపోతుంది. తొట్టిలో కరెంటు మోతాదు మించితే రంగు మాడుతుంది. ఒకరి పొరపాటుకు అందరి శ్రమా వృథా. సరుకు తిరిగి వస్తే నష్టం యజమానిది. పని తగ్గితే పస్తు పనివానిది.

ఇంత సున్నితమైన పనిని సాధారణంగా పక్కవాణ్ణి చూసి నేర్చుకోవలసిందే. యజమానులు వెనుకాడటానికి కారణం లేకపోలేదు. కూలి ఇచ్చి, పాడైన సరుకు భరించి నేర్పితే, పని వచ్చాక కుర్రవాడు పక్క కార్ఖానాకు పోతాడన్న భయం. అందరూ ఇలాగే అనుకుంటే చివరకు పనివాళ్లే కరువవుతారు.

శిక్షణ పనివారికే కాదు, యజమానికీ అవసరమే. ముంబయి ప్రాంతపు నేత మిల్లుల్లో జరిపిన పరిశోధన ఒకటి 2013లో వెలువడింది. లోపాలను ఏ రోజుకారోజు రాసిపెట్టడం, యంత్రాలను వేళకు సరిచూడటం, సరుకు లెక్క ఉంచడం నేర్పగా ఏడాదిలో ఉత్పాదకత 17 శాతం పెరిగింది.

బందరులోనే 1926లో వెలసిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకున్నది. పామర్రు మండలం నిమ్మలూరులో ఆ సంస్థ సుమారు 360 కోట్ల రూపాయలతో నిర్మించిన రాత్రి చూపు పరికరాల ఫ్యాక్టరీని 2025 అక్టోబరులో ప్రధాని జాతికి అంకితం చేశారు. గుడివాడ, దివిసీమ యువకులకు ఫ్యాక్టరీ దగ్గరే. అయితే అలాంటి పనికి ఊరు దగ్గరైతే చాలదు, చేతిలో విద్య ఉండాలి.

అప్రెంటిస్‌ల చట్టం 1961 నుంచీ ఉంది. స్టయిపెండులో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలు మించకుండా, కేంద్రం భరించే పథకం 2016లో వచ్చింది. చిన్న కార్ఖానాదారు ఒంటరిగా ఈ కాగితాల వెంట తిరగలేడు. యజమానులంతా కలిసి, ఐ.టి.ఐ. తోడ్పాటుతో ఉమ్మడి శిక్షణాలయం నడిపితే ఖర్చు పంచుకోవచ్చు. కుర్రవాడు ఏ కార్ఖానాకు వెళ్లినా నష్టం ఒక్కరిదే కాదు.

ఉపాధ్యాయ పరీక్షల శిక్షణకు అవనిగడ్డ పేరు పొందింది. చేతిపని శిక్షణకు బందరు అంతటి పేరు తెచ్చుకోరాదా? అధికారులు, యజమానులు ఆలోచించవలసిన అవసరం ఎంతైనా ఉంది.